బొంతకో ముక్క

2024 జూలై 11, గురువారం

బస్టాండు దగ్గరి స్టేషనరీ దుకాణంలో వంశవృక్షం వేలాడుతోంది. ఆకుపచ్చ చెట్టు అచ్చువేసిన చార్టు, కొమ్మకో గుండ్రటి గడి. గడుల్లో తాత, నాయనమ్మ, మేనత్త, బాబాయి ఫోటోలు అంటిస్తే ప్రాజెక్టు అయిపోయినట్టే. ఫోటో లేనివాళ్లకు బొమ్మలు విడిగా దొరుకుతాయి: పంచె కట్టిన ముసలాయన, కొప్పు పెట్టిన ముసలామె. ఇద్దరికీ కళ్లద్దాలు. "ఈ నెల మస్తు పోతయి మేడం, ప్రైవేటు స్కూళ్లోళ్లు అడుగుతరు" అన్నాడు దుకాణదారు.

కొనలేదు. మా ఐదో తరగతిలో తాత ఫోటో ఉన్న ఇళ్లే తక్కువ. ఉన్నవాటిలో చాలామటుకు ఆయన పోయాక దండ వేయడానికి ఆధార్ కార్డులోంచి పెద్దది చేయించినవి. ఆ ముఖం చూసి మనవడు తెలుసుకునేది ఏముంటుంది?

జూలై 15, సోమవారం

నిన్న అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి గీత కార్మికులకు, చెట్టు మీంచి పడకుండా కాపాడే 'కాటమయ్య రక్షణ కవచం' కిట్లు ఇచ్చారు. పొద్దున పేపరు చదివించేటప్పుడు ఆ వార్త వచ్చింది. లెక్కల పీరియడులో నోరు తెరవని గౌడ్ల పిల్లవాడొకడు అడగకుండానే లేచి బోర్డు మీద తాటిచెట్టు గీశాడు. మోకు నడుం చుట్టూ ఎట్లా వస్తుందో, గుజి ఎక్కడ వేస్తారో, ముస్తాదులో కత్తులు ఎటు తిప్పి పెడతారో వరసగా చెప్పుకుపోయాడు. చివరికి "మా తాతకు గీ బెల్టు లేకుండె టీచర్" అన్నాడు. ఆ తాత చెట్టు మీంచి పడి నడుం విరిగి మంచాన ఉండి పోయాడని వెనక బెంచీ వాడు చెప్పాడు.

వాడు గీసిన బొమ్మలో తాత ముఖం లేదు. మోకు ఉంది. పిల్లలను పూర్వీకుల పేర్లు అడిగితే రెండు తరాలు దాటలేరు. ఏం పని చేసేవాళ్లని అడిగితే గంట కొట్టేదాకా చెబుతారు. ఈ ఏడాది పేర్లు అడగకూడదని అనుకుంటున్నాను.

జూలై 27, శనివారం

నాలుగో శనివారం, బ్యాగు లేని రోజు. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు 10 రోజులు సంచీ ఇంట్లో పెట్టి వడ్రంగి దగ్గరో, కుమ్మరి దగ్గరో, తోటమాలి దగ్గరో పని చూసి రావాలంటుంది. మా దగ్గర చిన్న తరగతులకూ నెలకో శనివారం దొరికింది. చాలా బళ్లలో ఆ రోజు క్యారమ్ బోర్డులు బయటికొస్తాయి. రానీ, అదీ మంచిదే.

బోర్డు మీద ఒకే ప్రశ్న రాశాను. మీ ఇంట్లో ఎవరి చేతులకు ఏ పని వచ్చు?

మొదట అందరూ "మా అమ్మకు వంట" అన్నారు. వంట కాకుండా చెప్పమన్నాక తలుపులు తెరుచుకున్నాయి. నాయనమ్మకు చీపుర్లు కట్టడం. పెద్దనాయనకు గొర్రె ఉన్ని కత్తిరించడం. అమ్మమ్మకు ఈతాకు చాప అల్లడం. తాతకు మంచానికి నవారు బిగించడం. ఒక పిల్ల మాత్రం "మా అమ్మకు బ్లౌజులు, పాల్స్, జిగ్‌జాగ్" అని ధర బోర్డు చదివినట్టు చెప్పింది. అందరూ నవ్వారు. ఆ అమ్మ మిషన్ మీదే ఇల్లు నడుస్తోందని నాకు తెలుసు.

అప్పుడే బొంత ఆలోచన వచ్చింది. ఇంటికో అరచేతంత పాత గుడ్డ. ఎవరిదో, అది కట్టుకుని వాళ్లు ఏం పని చేసేవాళ్లో కనుక్కుని రావాలి. షరతులు రెండే: కొత్తది వద్దు, కొన్నది వద్దు.

ఆగస్టు 7, బుధవారం

జాతీయ చేనేత దినం. 1905లో ఇదే రోజు కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైంది కాబట్టి 2015 నుంచి ఈ తేదీన జరుపుతున్నారు. ఉపన్యాసాలు పైతరగతుల వాళ్లకు వదిలేసి మేం ఆసు కట్టాం.

పోచంపల్లి చీర తెలియని పిల్ల మా భువనగిరి జిల్లాలో లేదు. ఆసు చూసిన పిల్లలు మాత్రం తగ్గిపోయారు. అర్ధచంద్రాకారంలో పుల్లలు, ఎదురుగా ఒక మేకు. దారాన్ని మేకు నుంచి పుల్లకు, పుల్ల నుంచి మేకుకు తిప్పుతూ పోవాలి. అట్లా పోసిన పేకకు రంగు అంటకూడని చోటల్లా లెక్క ప్రకారం చిటికి కట్టి రంగులో ముంచితేనే నేసేటప్పుడు పువ్వు పువ్వుగా పడుతుంది. ఒక్క చీరకు చెయ్యి అటూ ఇటూ దాదాపు 9,000 సార్లు తిరగాలి. ఆలేరు దగ్గరి శారాజీపేటలో అట్లా తిప్పీ తిప్పీ భుజాలు పడిపోయిన తల్లిని చూసి, ఆరో తరగతితో చదువు ఆపేసిన చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో యంత్రం చేశాడు. అమ్మ పేరే పెట్టాడు, లక్ష్మి ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా వచ్చింది. పిల్లలకు సినిమా తెలుసు. "ఆ అమ్మ చెయ్యి మీరు తిప్పి చూడండి" అన్నాను.

అట్టముక్క మీద గుండుసూదులు గుచ్చి తెల్లదారం ఇచ్చాను. వంద తిప్పేసరికే మాటలు ఆగిపోయాయి. రెండు వందల దగ్గర "చెయ్యి గుంజుతుంది టీచర్" మొదలైంది. ఒకడు లెక్క తప్పి మళ్లీ మొదటికొచ్చాడు, ఏడుపొక్కటే తక్కువ. పాత సైకిల్ ట్యూబు సన్నగా చీరి, దారానికి అక్కడక్కడ చుట్టి, పసుపునీళ్లలో ముంచి ఆరేశాం. విప్పితే అందరిదీ పసుపుముద్ద. పద్మశాలి అమ్మాయి కట్టినచోట మాత్రం తెలుపు తెలుపుగా నిలిచింది. "గట్టిగ కట్టలే టీచర్ వీళ్లు, రంగు లోపల్కి ఊరింది" అంది. వాళ్ల నాయన మగ్గం అమ్మేసి భివండి పవర్‌లూమ్స్‌కు పోయి చాలా కాలమైంది. అమ్మ ఇప్పటికీ కూలికి చిటికి కడుతుంది. ఆ పిల్లకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదట. పక్కన కూర్చుని చూసిందట.

ఆగస్టు 24, శనివారం

బొంత రోజు. నిన్నటిదాకా వచ్చిన ముక్కలు బల్లమీద పరిచాను. తాత ధోతి, అమ్మమ్మ ముతక చీర, ఆటో నడిపే నాయన ఖాకీ చొక్కా జేబు, బీబీనగర్ ఎయిమ్స్‌లో ఊడ్చే పనికి పోయే అమ్మ పాత యూనిఫాం, భివండి నుంచి వచ్చిన గళ్ల లుంగీ. కురుమ పిల్లవాడు నల్ల గొంగడి ముక్క తెచ్చాడు. చింతగింజల గంజి పట్టించిన గొంగడి అది. వానలో గొర్ల వెంట తిరిగే మనిషికి అదే గొడుగు, అదే పరుపు. ఒక అబ్బాయి దర్జాగా జరీ అంచు తెచ్చాడు. అడిగితే దుకాణంలో మీటరు కొన్నారని తేలింది. "మార్కులు తక్కువేస్తరేమోనని మమ్మీ కొన్నది." ఇంటికి తిప్పి పంపలేదు. ఇంట్లో చెప్పులు తుడుచుకునే గోనె పక్కన అమ్మ పాత చున్నీ ఉందని వాడే గుర్తుచేసుకున్నాడు. మధ్యాహ్నం తిండికి పోయినప్పుడు తెచ్చాడు.

కుట్టు నేర్పడానికి చీపుర్ల నాయనమ్మను పిలిచాం. బడి గడప దగ్గర ఆగిపోయింది. "నేనేం చెప్త బిడ్డా, నాకు అక్షరం ముక్క రాదు" అంది. మనవరాలు చెయ్యి పట్టి లోపలికి లాక్కొచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు, నేలమీదే కూర్చుంది. పిల్లలు చుట్టూ మూగారు. అక్కడి నుంచి గంటన్నర తరగతి ఆమెది.

నేను ముక్కలను రంగుల వారీగా పేర్చి పెట్టాను. ఆమె వచ్చీ రాగానే అన్నీ కలిపేసింది.

"అందం చూసి ఏర్తరా? పట్టుకొని చూడాలె. బక్కవడ్డ గుడ్డ లోపలికి, దిట్టమున్నది పైకి. లేకుంటె ఒక్క చలికాలానికి చిరుగుతది."

ఒక్కో ముక్కను బొటనవేలితో రుద్ది, వెలుతురుకు పట్టి, రెండు కుప్పలు చేసింది. తాత ధోతి లోపలి కుప్పలో పడింది. తెచ్చిన పిల్లవాడి మొహం చిన్నబోయింది. "లోపల ఉన్నదే వెచ్చగుంచేది, పిచ్చోడా" అంది చూడకుండానే. నాలుగు మూలలా రాళ్లు పెట్టించి, అంచు నుంచి లోపలికి చుట్టు చుట్టుగా కుట్టాలని చూపించింది. మధ్యలోంచి మొదలుపెడితే గుడ్డ పోగుపడుతుందట. గొంగడి ముక్క దగ్గర సూది వంగిపోయింది. దబ్బనం తెప్పించింది. మగపిల్లలు సూది పట్టడానికి సిగ్గుపడితే "మీ తాతలు కుట్టలేదా జీను సంచులు?" అని అడిగింది. అంతే, పట్టారు.

సాయంత్రం హాజరు పట్టీలో అతిథి సంతకం గడి ఉంటే ఆమె వేలిముద్ర తీసుకున్నాను. (తర్వాత చేర్చినది: మనవరాలు ఆ వేలి సిరా రెండు రోజులు కడగనివ్వలేదట.)

సెప్టెంబరు 2, సోమవారం

శనివారం నుంచి వాన. ఖమ్మంలో మున్నేరు ఇళ్లమీద పడింది. బళ్లకు సెలవు. టీవీ కట్టేసి పాత పుస్తకాలు తీశాను.

1937 అక్టోబరులో వార్ధాలో గాంధీ పిలిచిన విద్యా సభ. ఒక చేతిపని చుట్టూ చదువంతా అల్లాలన్నది అక్కడి తీర్మానం. వివరాలు రాసిన సంఘానికి అధ్యక్షుడు జాకిర్ హుస్సేన్, పుట్టింది మన హైదరాబాద్‌లోనే. ఆ చదువుకు ముందు వరసలో పెట్టినవి వడకడం, నేత. ఇక్కడికి దగ్గరి పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18న వెదిరె రామచంద్రారెడ్డి వినోబా భావేకు 100 ఎకరాలు ఇస్తే భూదానం మొదలైంది. ఆ వినోబా కూడా వార్ధా మనిషే. బడిలో నూలు వడికే తకిలీ తిప్పినవాళ్లు ఈ జిల్లాలో ఇంకా ఉన్నారు. వాళ్లకు అది మొక్కుబడి పీరియడుగా గుర్తుంది. ఎందుకంటే నేత ఇంటి పిల్లకూ, గొల్ల ఇంటి పిల్లకూ ఒకటే తకిలీ ఇచ్చారు. చేతిపని బడికి వచ్చింది, ఇంటి పని బయటే ఆగింది.

అమెరికాలో జార్జియా రాష్ట్రపు కొండ ప్రాంతంలో 1966లో హైస్కూలు పిల్లలు దీన్ని తిరగేశారు. తమ తాతలు దుంగల ఇల్లు ఎట్లా కట్టారో, సబ్బు ఎట్లా వండారో అడిగి రాసుకుని 'ఫాక్స్‌ఫైర్' అనే పత్రిక నడిపారు. తర్వాత అది పుస్తకాల వరసైంది. ఇంటి ముసలివాళ్లు పాఠం అయ్యారు. నాకు వార్ధా కంటే ఇది దగ్గరగా అనిపిస్తోంది. తకిలీ ఎవరు ఇచ్చారన్నదే తేడా.

సెప్టెంబరు 17, మంగళవారం

జెండా ఎగరేసి వచ్చాం. హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన ఈ తేదీకి ఏ పార్టీ పేరు ఆ పార్టీది. 1944లో ఆంధ్ర మహాసభ రెండుగా చీలిన సభ ఈ భువనగిరిలోనే జరిగింది. అధ్యక్షుడు రావి నారాయణరెడ్డి ఊరు బొల్లేపల్లి ఇక్కడే. ఇది చెప్పగానే ఒక పిల్ల అంది: "మా ముత్తవ్వ సంఘపోళ్లకు రొట్టెలు కట్టుకపోయేదంట." చేనుకు సద్ది మోస్తున్నట్టు పోయేదట. మూట చూస్తే ఒక్కరి తిండి అనిపించేలా కట్టేదట. ఆ మూట ఎట్లా కడతారో అమ్మమ్మ దగ్గర నేర్చుకుని వచ్చింది. నా కొంగుతోనే కట్టి చూపించింది.

అక్టోబరు 1, మంగళవారం

రేపటి నుంచి దసరా సెలవులు, రేపే ఎంగిలిపూల బతుకమ్మ. బడిలో పేర్చాం. గునుగు తలలకు రంగులు అద్దడంలో మగపిల్లలే ముందున్నారు. తంగేడు దొరకడం కష్టమవుతోంది. చెరువు వైపు ప్లాట్లు పడ్డాయి.

అక్టోబరు 26, శనివారం

చేర్యాల పటాలు చూపించాను. ఖాదీ గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి పట్టించి నకాశీలు ఎర్రటి నేలమీద కథ గీస్తారు. గజాల కొద్దీ పొడవు. ఆ పటం పట్టుకుని కూనపులివాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు. గౌడజెట్టీలు గౌడ్లకు, మందెచ్చులవాళ్లు గొల్లలకు కాటమరాజు కథ, డక్కలివాళ్లు మాదిగలకు జాంబపురాణం. స్టేషనరీ చార్టు కంటే ఎంతో ముందు ఈ నేలమీద వంశవృక్షం ఉంది. ఇంకొకరి గొంతులో ఉంది, చుట్టచుట్టి సంకన పెట్టుకుని తిరిగింది. "మరి డక్కలోళ్లకు ఎవరు చెప్తరు టీచర్?" అని అడిగిందొక పిల్ల. నా దగ్గర జవాబు లేదు. మంచి ప్రశ్న అని మాత్రం చెప్పాను.

పాత ధోతి చీల్చి, అంబలి కాచి, మేమూ పటాలు చేశాం. పైన తాత పని, కింద అమ్మానాన్నల పని, అట్టడుగున "నేను". ఇక్కడే జాగ్రత్తగా ఉండాల్సి వచ్చింది. పటం కుల పురాణం నుంచి వచ్చింది, తరగతిలో అన్ని కులాల పిల్లలూ ఉన్నారు. కులవృత్తి గీయమంటే కొందరు గర్వంగా గీస్తారు, కొందరు రేపు బడికి రారు. అందుకే మొదటి రోజు రాసిన ప్రశ్ననే మళ్లీ రాశాను.

మాదిగవాడ పిల్లవాడొకడు నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు. "మా తాత డప్పు మంచిగ చేసెటోడు. గీస్త అంటే బాపు వద్దన్నడు." నేను గీయమనలేదు. ఆ వద్దు వెనక ఎంత ఉందో ఆ తండ్రికి తెలుసు. డప్పు మన సంస్కృతి అని వేదికల మీద మురిసిపోవడం నాకు సులువు. ఊరి చావుకు పిలిస్తే పోక తప్పని మనిషికి కాదు. పిల్లవాడు తాత వరస ఖాళీగా వదిలి, కింద రసమట్టం గీశాడు. నాయన మేస్త్రీ. గాలిబుడగ రెండు గీతల మధ్య నిలబడితే గోడ సరిగ్గా ఉన్నట్టని తరగతికి చెప్పాడు. బడి గోడకు పెట్టి చూస్తే బుడగ పక్కకు జరిగింది. ఇంతటి ఆనందం ఈ తరగతి గదిలో ఈ మధ్య చూడలేదు.

నవంబరు 9, శనివారం

బుధవారం నుంచి బడి ఒంటిపూటే. మధ్యాహ్నం సమగ్ర ఇంటింటి సర్వే. మొన్నటిదాకా ఇళ్లకు స్టిక్కర్లు అంటించాం, ఇవాళ్టి నుంచి ఫారాలు. అన్నీ కలిపి 75 ప్రశ్నలు: కులం, ఉపకులం, భూమి, అప్పు, చదువు, వృత్తి. ఆ లెక్క అవసరమే. ఎవరు ఎంతమందో తెలియకుండా ఎవరికి ఏం రావాలో తేలదు. నేను అడిగే ప్రశ్నకు ప్రభుత్వం ఒక గడి ఇచ్చింది, అంకె వేసి వచ్చేస్తున్నాను.

రసమట్టం పిల్లవాడి ఇంటికి కూడా పోయాను. కులం, పని అన్నీ తండ్రి తడుముకోకుండా చెప్పాడు. ఫారం మూశాక, "మా వాడు గీసిన పటం నేను చూడొచ్చా మేడం?" అని అడిగాడు. 14న రమ్మన్నాను.

నవంబరు 14, గురువారం

బాలల దినోత్సవం. బొంత, పటాలు వరండాలో కట్టాం. తల్లులు ఎక్కువ వచ్చారు, తండ్రులు తక్కువ. మేస్త్రీ పని మానుకుని వచ్చాడు. ఖాళీ వరస ముందు చాలాసేపు నిలబడ్డాడు. పోయేముందు "అండ్ల ఏందన్న గీయమనురి, వాడి ఇష్టం" అని చెప్పి పోయాడు.

బొంత గురించి ఒక సంగతి. ఏ ముక్క ఎవరిదో చీటీలు అంటిద్దామంటే నాయనమ్మ ఒప్పుకోలేదు. చీటీ అంటిస్తే కప్పుకోరట, చూస్తారట. ఆమె మాటే చెల్లింది. మూడో తరగతిలో జ్వరం వచ్చిన పిల్లను ఇవాళ ఆ బొంతలోనే పడుకోబెట్టాం.

నవంబరు 23, శనివారం

ఇటుక బట్టీల కాలం మొదలైంది. ఒడిశాలోని బలంగీర్ వైపు నుంచి కుటుంబాలు దిగుతున్నాయి. ఒక పిల్ల మా తరగతిలో కూర్చుంటోంది. తెలుగు రాదు. మొదటి రెండు రోజులు కిటికీ వైపే చూసింది.

మూడో రోజు మిగతావాళ్లే బొంత చూపించి, సైగలు చేసి, ఏదన్నా తెమ్మన్నారు. ఇవాళ ఆమె అమ్మ చీర కొంగు ముక్క తెచ్చింది. ఎర్రటి నేలమీద తెల్ల పువ్వు, అంచులు రంగులో కాస్త చెదిరి ఉన్నాయి. చిటికి కట్టే అమ్మాయి చటుక్కున లాక్కుని వెనక్కి తిప్పి చూసింది. "ఇది మాదే టీచర్! కట్టి రంగేసిన గుడ్డ!" నిజమే. పశ్చిమ ఒడిశాలో దాన్ని బాంధ అంటారు, సంబల్‌పురి చీరలు అట్లాగే నేస్తారు. కట్టడం, ముంచడం, నేయడం అక్కడా ఇక్కడా ఒకటే. పోచంపల్లికి 2005 ప్రాంతంలో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో వచ్చింది. ఆ గుర్తింపులు గీసిన సరిహద్దులు ఈ ఇద్దరు పిల్లలకు అడ్డు రాలేదు. ఇద్దరూ బల్లకింద దారానికి ట్యూబు చుడుతూ కూర్చున్నారు. ఒకరి మాట ఒకరికి తెలియదు. ఎవరి ముడి గట్టిదో పోటీ.

ముక్క ఎక్కడ కుట్టాలని అడిగితే నాయనమ్మ అంచు ఎత్తి చూపించింది. బొంతకు అంచు మూయకుండానే పెట్టిందట ఆమె. ఎప్పుడన్నా కొత్త ముక్క వస్తుందని.

నవంబరు 30, శనివారం

పై తరగతుల బడి ఒకటి వంశవృక్షం ప్రాజెక్టు ఇస్తోందని, చార్టులు ఎక్కడ దొరుకుతాయని ఒక తల్లి వాట్సాప్‌లో అడిగింది. ఆమెకు రాసిన జవాబే ఇక్కడా రాసుకుంటున్నాను, తోటి టీచర్లు ఎవరైనా చదివితే పనికొస్తుంది.

చార్టు కొనకండి అమ్మా. తండ్రి లేని పిల్ల, తల్లి వదిలి వెళ్లిన పిల్ల ఆ గడుల ముందు కూర్చుని ఏం నింపాలి? ఇంట్లో ముసలివాళ్లుంటే వాళ్ల దగ్గర ఒక గంట కూర్చోబెట్టండి. లేకపోతే పక్కింటివాళ్లయినా సరే. ఏ పనైనా సరే, చీపురు కట్టడమైనా, దారం ఎక్కించడమైనా, పిల్ల చేతులతోనే చేయించండి. వంకరగా వచ్చినా మీరు దిద్దకండి. కులం రాయనక్కర్లేదు, ఫోటో అంటించనక్కర్లేదు. ఇంటివాళ్లు వద్దన్న సంగతి వదిలేయండి. టీచర్ మార్కులు వేయకపోతే నా దగ్గరికి పంపండి, నేను వేస్తాను.

డిసెంబరులో బ్యాగు లేని శనివారం 28న. ఆ రోజు ఈతాకు చాప అల్లే అమ్మమ్మ వస్తుంది, ఎవరైనా రావచ్చు.